యెల్లోస్టోన్: సెప్టెంబరు మూడో వారం, 3 రోజులు, పెద్దవాళ్లతో. రూట్ చూసి తప్పులు చెప్పండి

బాటసారి88:

నమస్తే అండి. సాల్ట్ లేక్ సిటీ నుంచి యెల్లోస్టోన్ జాతీయ పార్కుకి సొంత కారులో వెళ్తున్నాం. ఐదుగురం: మేమిద్దరం, ఎనిమిదేళ్ల పాప, అమ్మ, నాన్న. వాళ్లిద్దరికీ 70 దాటాయి. అమ్మకి మోకాళ్ల నొప్పి, మెట్లు కష్టం. హోటళ్లు ఇంకా బుక్ చేయలేదు. ఇప్పటికి అనుకున్నది ఇదీ:

బుధవారం సాయంత్రానికి వెస్ట్ యెల్లోస్టోన్ ఊరు చేరడం. నాలుగు రాత్రులూ అక్కడే.
గురువారం: కింది లూప్ (పార్కు దక్షిణపు చుట్టు రోడ్డు) మొత్తం. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ (వేడినీళ్లు పైకి చిమ్మే బుగ్గ, అంటే గీజర్), గ్రాండ్ ప్రిస్మాటిక్ (రంగురంగుల వేడినీటి గుండం), బిస్కట్ బేసిన్, వెస్ట్ థంబ్, లేక్, కాన్యన్.
శుక్రవారం: పై లూప్ మొత్తం. నోరిస్, మామత్, లామార్ లోయ, టవర్.
శనివారం: దక్షిణాన పక్కనే ఉన్న గ్రాండ్ టీటన్ పార్కుకి వెళ్లి రావడం.
ఆదివారం: తిరుగు ప్రయాణం.

మ్యాప్‌లో చూస్తే కింది లూప్ మూడు గంటల డ్రైవే అంటోంది. కాబట్టి సరిపోతుందనుకుంటున్నాను. ఏం మార్చాలి?

మైలురాయి:

చోట్లు బాగానే ఎంచారు. తప్పంతా పడక దగ్గరే ఉంది.

లోపలి ప్రధాన రోడ్డు, గ్రాండ్ లూప్, 8 అంకె ఆకారంలో ఉంటుంది (మన ౮ కాదు, ఇంగ్లీషు 8). వెస్ట్ యెల్లోస్టోన్ ఊరు ఆ అంకె మీద లేదు. పక్కకి తొడిమలా పొడుచుకొచ్చిన 14 మైళ్ల దారి చివర ఉంది. నాలుగు రాత్రులూ అక్కడే పడుకుంటే రోజూ ఆ తొడిమ మీద 28 మైళ్లు ఊరికే తిరుగుతారు.

మైళ్లు ఇవీ. మాడిసన్ నుంచి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ 16, అక్కణ్నుంచి వెస్ట్ థంబ్ 17, ఫిషింగ్ బ్రిడ్జి 21, కాన్యన్ 16, నోరిస్ 12, మళ్లీ మాడిసన్ 14. కింది లూప్ 96. పై లూప్: నోరిస్ నుంచి మామత్ 21, టవర్ రూజ్‌వెల్ట్ 18, కాన్యన్ 19, మళ్లీ నోరిస్ 12. అది 70.

ఇక ఆ మూడు గంటల లెక్క. పార్కులో గరిష్ఠ వేగం గంటకు 45 మైళ్లు, చాలాచోట్ల అంతకన్నా తక్కువ. ముందు క్యాంపర్ వ్యాను, మలుపులు, పార్కింగ్ కోసం చక్కర్లు, రోడ్డు మీద బైసన్ (అడవిదున్నలు). ఇవన్నీ కలిపి గంటకు 30 మైళ్లు వేసుకోండి. గురువారం మీది 96 + 28 = 124 మైళ్లు. స్టీరింగ్ మీదే నాలుగు గంటల పైమాట. ఒక్కో చోట గంటన్నర చొప్పున ఆగితే ఆరు చోట్లకి తొమ్మిది గంటలు. ఆ వారంలో సూర్యోదయం ఏడు దాటాక, అస్తమయం ఏడున్నర లోపు. పన్నెండు గంటల వెలుతురులో పదమూడు గంటల పని పెట్టారన్నమాట. భోజనం లెక్కలో వేయలేదు.

శనివారం ఇంకా అన్యాయం. వెస్ట్ యెల్లోస్టోన్ నుంచి పార్కు మీదుగా టీటన్ అవతలి ఊరు జాక్సన్‌కి 14 + 16 + 17 + 22 + 57 = 126 మైళ్లు. వెళ్లి వస్తే 252. అందులో సగానికి పైగా మైళ్లు గురువారం చూసిన దారే, లేదా చీకట్లో వెనక్కి వచ్చే దారి.

పడమటి గేట్లోంచి లోపలికి వచ్చి దక్షిణం గేట్లోంచి బయటపడండి. సాల్ట్ లేక్ సిటీకి జాక్సన్ నుంచి కూడా ఐదు గంటల చిల్లరే. వెళ్లిన దారినే రావాల్సిన అవసరం లేదు.

పొగమంచు:

పైవారి లెక్క సరే. నేను గంటల సంగతి చెప్తాను. ఈ పార్కులో ఎక్కడికి వెళ్లామన్నదానికన్నా ఎన్నింటికి వెళ్లామన్నదే ముఖ్యం.

గ్రాండ్ ప్రిస్మాటిక్‌కి పొద్దున్నే వెళ్లకండి. సెప్టెంబరు ఉదయాలు గడ్డకట్టే చలి. వేడి నీటి మీద చల్లటి గాలి తగిలి ఆవిరి గోడలా లేస్తుంది. తెల్లటి పొగ, చెక్కబాట అంచు తప్ప ఏమీ కనపడదు. నారింజ రంగు, నీలం రంగు కావాలంటే గాలి వేడెక్కాలి, సూర్యుడు పైనుండాలి. మధ్యాహ్నం నుంచి నాలుగింటి వరకు మంచి వేళ. చిక్కేమిటంటే పార్కింగ్ నిండేది కూడా సరిగ్గా అప్పుడే, పది నుంచి ఐదు దాకా. అందుకని మూడున్నర తర్వాత, వెళ్లేవాళ్లు మొదలయ్యాక చేరండి.

చూడటానికి రెండు చోట్లున్నాయి, ఒకటనుకుని ఇంకోచోట కారు ఆపుతుంటారు. మిడ్‌వే గీజర్ బేసిన్ చెక్కబాట గుండం పక్కనుంచే వెళ్తుంది. రంగు కన్నా వేడి, వాసన తెలుస్తాయి. ఫొటోల్లో కనిపించే కన్ను ఆకారం కావాలంటే ఫెయిరీ ఫాల్స్ బాట మొదలయ్యే చోట కారు ఆపి కొండవాలు వ్యూపాయింట్‌కి ఎక్కాలి. సుమారు కిలోమీటరు నడక, 105 అడుగుల ఎత్తు. మీరూ పాపా వెళ్లొచ్చు, అమ్మగారికి వద్దు.

మిడ్‌వేలో టోపీకి గడ్డం కింద తాడు కట్టుకోండి. గాలి హఠాత్తుగా లేస్తుంది. ఆ నారింజ రంగంతా సూక్ష్మజీవుల పల్చటి పొర. దాని మీద అక్కడక్కడా ఎవరివో టోపీలు పడి ఉంటాయి. పడ్డది పడ్డట్టే వదిలేయాలి. చెక్కబాట దిగడం నేరం, పైగా ఆ నేల అప్పడంలా పల్చన. పెళుసుగా విరిగితే కింద మరిగే నీళ్లు. పాప చేయి వదలొద్దు.

బిస్కట్ బేసిన్ తీసేయండి. 2024 జూలై 23న అక్కడ బ్లాక్ డైమండ్ పూల్ పేలి రాళ్లు, బురద ఎగిరి చెక్కబాట విరిగింది. అప్పుడే మూసేశారు. దాని బదులు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గరే ఉన్న బ్లాక్ సాండ్ బేసిన్ పెట్టుకోండి. చిన్నది, చదునుగా ఉంటుంది, రద్దీ తక్కువ.

గోధూళి:

నాదో భిన్నాభిప్రాయం. మూడు రోజులే ఉన్నప్పుడు మామత్ వదిలేసి ఆ సమయం లామార్‌కి ఇవ్వండి. వేడినీటి బుగ్గలు గురువారమంతా చూస్తారు. తోడేళ్లు ఇంకెక్కడా ఇంత బాగా కనపడవు. 1995, 96ల్లో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి వదిలింది ఈ ఉత్తర భాగంలోనే. తెల్లవారేసరికి లోయలో ఉండాలి. బారుగా కార్లు ఆగి, జనం స్టాండుల మీద పెద్ద టెలిస్కోపులు పెట్టుకుని నిలబడి ఉంటే అక్కడ ఏదో ఉన్నట్టే. మామూలు బైనాక్యులర్లతో తోడేలు చుక్కలా కనిపిస్తుంది. అడిగితే చాలామంది తమ దాంట్లోంచి చూడనిస్తారు.

మైలురాయి:

గోధూళి గారూ, తెల్లవారుజామున లామార్ అనేది ఉత్తరం వైపు గేట్ల బయటి ఊళ్లలో, గార్డినర్‌లోనో కుక్ సిటీలోనో పడుకున్నవాళ్లకి. వెస్ట్ యెల్లోస్టోన్ నుంచి మామత్ మీదుగా లోయ నడిబొడ్డుకి 80 మైళ్లు. చీకట్లో రెండున్నర గంటలు. నాలుగున్నరకి లేచి కాదు, నాలుగున్నరకి బయలుదేరాలి. 70 ఏళ్లవాళ్లని, పిల్లని ఆ వేళ బైసన్ తిరిగే రోడ్డు మీదికి తీసుకెళ్లమని నేను చెప్పను.

మామత్ వదలాల్సిన పనీ లేదు. టవర్ వైపు వెళ్లే దారి అదే. పైగా సెప్టెంబరులో ఎల్క్‌ల (పెద్ద దుప్పులు) జతకాలం. మగ ఎల్క్ అరుపు, లోగొంతులో మొదలై సన్నటి ఈలలా పైకి లేచి గుర్రుగుర్రుమంటూ ముగిసేది, మామత్ పచ్చిక మీద కారులోంచే వినొచ్చు.

నేను చెప్పే విభజన ఇది. బుధ, గురు రాత్రులు వెస్ట్ యెల్లోస్టోన్. శుక్రవారం రాత్రి కాన్యన్ లాడ్జి. శనివారం రాత్రి జాక్సన్. లామార్ శుక్రవారం మధ్యాహ్నం, టవర్ కూడలి నుంచి పక్కకి వెళ్లి రావడం, రానూ పోనూ 25 మైళ్లు. తోడేలు కనిపిస్తే అదృష్టం. బైసన్ మందలు, జింకల్లాంటి ప్రాంగ్‌హార్న్‌లు మాత్రం ఏ వేళకైనా ఉంటాయి.

గోధూళి:

కాన్యన్‌లో పడుకుంటే ఒప్పుకుంటాను. అప్పుడు తెల్లవారుజామున హేడెన్ లోయ ఆరేడు మైళ్లలో ఉంటుంది. లామార్ బదులు అది. నదీ పక్కన పొగమంచులోంచి మందలు రోడ్డు దాటుతుంటాయి. తోడేళ్లు, గ్రిజ్లీ ఎలుగులు అక్కడా తిరుగుతాయి.

బాటసారి88:

అందరికీ ధన్యవాదాలు. మూడు ప్రశ్నలు. కాన్యన్‌లో గది చూస్తే ఆ వారం అంతా నిండిపోయి ఉంది, ఏం చేయాలి? అమ్మ ఎక్కడెక్కడ దిగొచ్చు? పాస్ ఏది కొనాలి? అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చారు.

నెమ్మదినడక:

మోకాళ్ల విషయం. చోటు చోటుకీ చెప్తాను, రాసి పెట్టుకోండి.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్: పార్కింగ్ నుంచి బెంచీల దాకా చదును. 20 నిమిషాల ముందు వెళ్తే ముందు వరుసలో కూర్చోవచ్చు. మీరు గీజర్ హిల్ చుట్టూ నడిచి వచ్చేలోగా పెద్దవాళ్లు సత్రంలో, అదే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్‌లో, నెగడు ముందు కూర్చుంటారు. 1904లో కట్టిన దుంగల భవనం. లోపలి ఎత్తు, రాతి పొగగొట్టం చూడటానికే వెళ్లొచ్చు.

మిడ్‌వే: నది మీద వంతెన దాటగానే కాస్త ఎక్కుడుంది, మెట్లు కాదు, వాలు. మెల్లగా పోతే పోవచ్చు. కూర్చోవడానికి ఏమీ ఉండదు కాబట్టి మడత స్టూలు పట్టుకెళ్లండి.

నోరిస్: మ్యూజియం వెనక నుంచి పోర్సిలిన్ బేసిన్‌లోకి దారి నిటారుగా దిగుతుంది. దిగినదంతా ఎక్కాలి. అమ్మగారు పైనుంచే చూడొచ్చు, మొత్తం కనిపిస్తుంది. స్టీమ్‌బోట్ గీజర్ కోసం ఎదురు చూడకండి. పనిచేస్తున్న గీజర్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తుగా చిమ్మేది అదే, 300 అడుగులు దాటుతుంది. కానీ ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు.

మామత్: కింది టెర్రస్‌ల చెక్కబాట నిండా మెట్లు. అడుగున లిబర్టీ క్యాప్, పాలెట్ స్ప్రింగ్ దాకా చదును, అంతవరకు చాలు. తర్వాత కారెక్కి అప్పర్ టెర్రస్ డ్రైవ్‌లో తిరగండి. వన్‌వే, ఇరుకు. కారులోంచే సున్నపు మెట్లు కనిపిస్తాయి.

కాన్యన్: ఆర్టిస్ట్ పాయింట్ పార్కింగ్‌కి దగ్గర. 308 అడుగుల లోయర్ ఫాల్స్ ఎదురుగా ఉంటుంది. బ్రింక్ ఆఫ్ ద లోయర్ ఫాల్స్ అని ఇంకో బోర్డు ఉంటుంది. అక్కడ మలుపులు తిరుగుతూ 600 అడుగులు దిగాలి. దిగేటప్పుడు తేలికే, పైకి వచ్చేటప్పుడు కుర్రాళ్లే నడుం పట్టుకుని ఆగుతారు. అది మీకు కాదు.

వెస్ట్ థంబ్: దాదాపు చదునే, సరస్సు ఒడ్డుకి దిగే చోట కొంచెం వాలు. అన్నిట్లోకీ పెద్దవాళ్లకి హాయైనది ఇదేనని నా అభిప్రాయం.

ఇంకోటి, ఎత్తు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గరే 7,300 అడుగుల పైన ఉంటారు. మొదటి రోజు తలనొప్పి, ఆయాసం మామూలు. నీళ్లు ఎక్కువ తాగించండి. గుండె, ఊపిరితిత్తుల మందులు వాడుతుంటే వాళ్ల డాక్టర్ని ముందే అడగండి.

రసీదు:

పాస్ సంగతి. యెల్లోస్టోన్ గేటు దగ్గర కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. గ్రాండ్ టీటన్‌ది వేరే 35. రెండూ కలిపి 70. అన్ని జాతీయ పార్కులకూ ఏడాది పాస్ 80. ఏడాదిలో ఇంకొక్క పార్కుకి వెళ్లినా గిట్టినట్టే.

అసలు సంగతి మీ అమ్మానాన్నలది. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కాని 16 ఏళ్లు నిండినవాళ్లకి 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. యెల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. బయటివాళ్లకి ఏడాది పాస్ వేరే, 250 డాలర్లు. రెండు పార్కులకీ ఇద్దరికీ విడివిడిగా కడితే 400 అదనం. 250ది ఎంత నయమో చూడండి. పాస్ ఎవరి పేరున తీసుకుంటే మీ కారుకి తక్కువ పడుతుందో పార్కు సైట్లో ఫీజుల పేజీ చదివి, బయలుదేరే ముందే ఆన్‌లైన్లో తేల్చుకోండి. గేటు దగ్గర వెనక నలభై కార్లు పెట్టుకుని తేల్చుకునే పని కాదు. అందరి ఫొటో గుర్తింపు కార్డులూ, పాస్‌పోర్టులూ చేతికందేలా ఉంచండి.

మైలురాయి:

గదుల గురించి. పార్కు లోపలి లాడ్జీలు ప్రతి నెలా 5న వచ్చే ఏడాది అదే నెల మొత్తానికీ తెరుచుకుంటాయి. సెప్టెంబరు గదులు కిందటి సెప్టెంబరు 5 నుంచే పోతుంటాయి. అంటే ఇప్పుడు మీకు మిగిలింది రద్దులు ఏరుకోవడమే. రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి. వెతికేటప్పుడు ఒక్క రాత్రే పెట్టండి. రెండు రాత్రులు అడిగితే మధ్యలో ఒక్కటి ఖాళీ అయినా చూపించదు. ఐదుగురికి ఒక గది దొరక్కపోతే రెండు చిన్న గదులకి కూడా ప్రయత్నించండి.

దొరకలేదనుకోండి. శుక్రవారం రాత్రి ఉత్తరం గేటు బయట గార్డినర్‌లో ఉండండి. అప్పుడు శనివారం గార్డినర్ నుంచి టవర్, కాన్యన్, లేక్, వెస్ట్ థంబ్ మీదుగా జాక్సన్ 158 మైళ్లు. అలసట తప్పదు గానీ కుదురుతుంది. ఆ పక్షంలో లామార్ శుక్రవారమే ముగించాలి, శనివారంలోకి జారనివ్వకూడదు.

స్పానర్:

బండి సంగతి ఎవరూ ఎత్తలేదు.

గ్యాస్ (పెట్రోలు): లోపల ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, గ్రాంట్, ఫిషింగ్ బ్రిడ్జి, కాన్యన్, టవర్, మామత్ దగ్గర ఉంది. మాడిసన్‌లో లేదు, నోరిస్‌లో లేదు. సీజన్ చివర టవర్‌ది మీద ఆశ పెట్టుకోకండి. సగం ట్యాంకు దగ్గర నింపడం అలవాటు చేసుకోండి.

టైర్లు: బుధవారం మధ్యాహ్నం ఎండలో బయలుదేరతారు, గురువారం ఉదయం గడ్డకట్టే చలిలో స్టార్ట్ చేస్తారు. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడితే టైర్లో గాలి ఇంచుమించు 1 పీఎస్‌ఐ పడుతుంది. 40 డిగ్రీల తేడాకి 4 పీఎస్‌ఐ. పసుపు లైటు వెలుగుతుంది. పంక్చరని కంగారు పడి గంట పోగొట్టుకుంటారు. చేతి గేజ్ ఒకటి పెట్టుకోండి. నాలుగు టైర్లూ సమానంగా తగ్గితే చలి, ఒక్కటే తగ్గితే మేకు.

అద్దాలు: గీజర్ తుంపర్లు అద్దం మీద పడి ఆరితే తెల్లటి మచ్చలు. అది సిలికా, అంటే గాజు పదార్థమే. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. తడిగా ఉండగానే నీళ్లు పోసి తుడవాలి. కళ్లద్దాలకీ, కెమెరా లెన్సుకీ ఇదే.

బైసన్: మంద రోడ్డెక్కితే ఆగిపోండి. ముందు కారుకి రెండు కార్ల ఎడం ఉంచండి, మీరు వెనక్కి జరగాల్సి రావచ్చు. హారన్ కొట్టొద్దు. అద్దాలు పైకెత్తండి. తోక కిందికి వేలాడుతుంటే దానికి మీతో పని లేదు. తోక లేచి పైన వంకీ తిరిగిందంటే చిరాకులో ఉంది. టన్ను బరువు, గంటకు 35 మైళ్ల పరుగు. ఆ దృశ్యం కోసం కారు దిగేవాళ్లే ఏటా కొమ్ముల పాలవుతారు. నిబంధన ప్రకారం ఎలుగులకీ తోడేళ్లకీ 100 గజాలు, బైసన్, ఎల్క్ లాంటి మిగతావాటికి 25 గజాలు. జంతువే దగ్గరికొస్తే వెనక్కి జరగాల్సింది మీరే.

చీకటి పడ్డాక నడపకండి. ముదురు గోధుమ రంగు జంతువు, నల్లటి తారు రోడ్డు. హెడ్‌లైట్లో పడేసరికి బ్రేకుకి చోటుండదు. టవర్ నుంచి కాన్యన్ దారిలో డన్‌రేవెన్ కనుమ 8,859 అడుగులు. ఒక పక్క లోయ. శుక్రవారం అది వెలుతురుండగానే దాటాలి.

పొగమంచు:

ఫోన్ సిగ్నల్ లాడ్జీల దగ్గర తప్ప ఉండదు, ఉన్నచోటా జనం ఎక్కువై డేటా కదలదు. నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లో యెల్లోస్టోన్‌ని ఆఫ్‌లైన్‌లో ఇంట్లోనే సేవ్ చేసుకోండి. మ్యాప్ కూడా. గీజర్ వేళలు మాత్రం సేవ్ అవవు, అవి విజిటర్ సెంటర్ బోర్డు మీద చూడాలి. రోడ్ల కబురుకి 888777కి 82190 అని మెసేజ్ పెడితే మూసివేతలు ఫోన్‌కే వస్తాయి.

చలిమంట:

తిండి గురించి నాలుగు ముక్కలు. పార్కులో రెస్టారెంట్లు ఏడింటికి కిటకిట. పిక్నిక్ బల్లలు మాత్రం ప్రతి పదిమైళ్లకీ దొరుకుతాయి, పులిహోర డబ్బా ఉంటే రాజభోగం. అయితే బల్ల మీద పెట్టి ఫొటోకి వెళ్లొద్దు. ఎలుగుల ప్రాంతం. తిండి, కూలర్, ఖాళీ గిన్నె, టూత్‌పేస్ట్ దాకా కారులో పెట్టి తాళం వేయాలి. కాకులు కూడా తక్కువవి కావు, జిప్పు తీయడం వచ్చు.

అన్నం వండుదామనుకునేవాళ్లకి: ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో అన్నం ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. కుక్కర్ ఉంటే త్వరగా ఉడుకుతుంది. గదుల్లో వంట ఎలాగూ ఒప్పుకోరు, కాబట్టి పొడులు, రొట్టెలు, పెరుగు చాలు.

బేర్ స్ప్రే (ఎలుగుల్ని తరిమే కారం స్ప్రే) విమానంలో తీసుకెళ్లనివ్వరు. మీరు కారులో వస్తున్నారు గనక ముందే కొనుక్కోవచ్చు. ఎండలో మూసిన కారులో వదిలేస్తే డబ్బా పేలొచ్చు. నడిచేటప్పుడు నడుముకి ఉండాలి, బ్యాగు అడుగున కాదు.

బాటసారి88:

మార్చిన ప్లాన్ ఇదీ. కాన్యన్ గది దొరుకుతుందన్న లెక్కతో రాశాను.

గురువారం: 6:45కి గేటు. ఆగకుండా ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, 8 గంటలకి. మధ్యాహ్నం దాకా అక్కడే. భోజనం, బ్లాక్ సాండ్ బేసిన్. 3:30కి మిడ్‌వే. ఫౌంటెన్ పెయింట్ పాట్. ఆరున్నరకి ఊరు.
శుక్రవారం: 6:30కి బయలుదేరి నోరిస్. 10:30కి మామత్. ఒంటిగంటకి టవర్ వైపు. లామార్. డన్‌రేవెన్ మీదుగా 6 లోపు కాన్యన్.
శనివారం: ఉదయం ఆర్టిస్ట్ పాయింట్, హేడెన్, మడ్ వాల్కనో, లేక్, వెస్ట్ థంబ్, దక్షిణం గేటు, టీటన్, రాత్రికి జాక్సన్.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ సరిగ్గా ఎన్నింటికి చిమ్ముతుందో ముందే తెలుసుకునే వీలుందా?

పొగమంచు:

ముందు రోజు తెలియదు. ఒకసారి చిమ్మడం అయ్యాకే తర్వాతిది చెప్తారు. కింద నీటి అర ఎంత ఖాళీ అయిందన్న దాని మీద లెక్క. రెండున్నర నిమిషాల లోపు ఆగిపోతే గంట దాటిన కాసేపటికే మళ్లీ. నాలుగైదు నిమిషాలు చిమ్మితే గంటన్నర. చెప్పిన వేళకి పది నిమిషాలు అటూ ఇటూ. మీరు చేరేసరికి బోర్డు మీద 8:10 అని ఉంటే పరుగెత్తకండి. తర్వాతి దానికి నింపాదిగా కూర్చోవచ్చు, నాలుగు గంటల్లో రెండు మూడు ఎలాగూ పడతాయి. అదే బోర్డు మీద గ్రాండ్, కాజిల్, రివర్‌సైడ్, డైసీ గీజర్ల వేళలు కూడా రాస్తారు. నన్నడిగితే రివర్‌సైడ్. నది మీదికి వాలుగా వంగి చిమ్ముతుంది, ఎదురొడ్డున బెంచీ మీద కూర్చుని చూడొచ్చు. కాకపోతే అక్కడికి మైలు పైన నడక, పెద్దవాళ్లు సత్రంలోనే.

గోధూళి:

శనివారం క్రమం తిప్పండి. ఆరున్నరకి లేచి ముందు హేడెన్ లోయ, ఎనిమిదిన్నర దాకా. తర్వాత అయిదారు మైళ్లు వెనక్కి వచ్చి ఆర్టిస్ట్ పాయింట్. జంతువులు తెల్లవారితే కనిపిస్తాయి, జలపాతం మీద ఎండ ఆ తర్వాతే పడుతుంది. ఇంద్రధనుస్సు లేచే వేళా అదే. ఆ అయిదారు మైళ్లు దండగ కాదు. పది దాటితే మాత్రం ఆర్టిస్ట్ పాయింట్ ఉన్న సౌత్ రిమ్ వైపు పార్కింగ్ దొరకదు.

మైలురాయి:

ప్లాన్ ఇప్పుడు నడుస్తుంది. రెండు మేకులు కొట్టాల్సినవి ఉన్నాయి.

ఒకటి, మంచు. సెప్టెంబరులో డన్‌రేవెన్ మీద మంచు పడి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా మూస్తారు. మూసింది తెలియక టవర్ దాకా వెళ్తే కాన్యన్‌కి 19 మైళ్ల బదులు మామత్, నోరిస్ మీదుగా 51 మైళ్లు చుట్టాలి. శుక్రవారం మామత్ విజిటర్ సెంటర్లో అడగకుండా టవర్ వైపు తిరగొద్దు. మూసేస్తే లామార్ దాకా వెళ్లి 3 గంటలకల్లా వెనుదిరగండి.

రెండు, శనివారం టీటన్. దక్షిణం గేటుకి మీరు మూడింటికి చేరితే వెలుతురు నాలుగు గంటలుంటుంది. అన్నీ చూడాలనుకోకండి. ఆక్స్‌బో బెండ్, జాక్సన్ లేక్ డ్యామ్, అంతే. సెప్టెంబరు చివరికి ఆస్పెన్ ఆకులు పసుపెక్కుతుంటాయి. మూడు దాటి ఆలస్యమైతే మడ్ వాల్కనో వదిలేయండి, వెస్ట్ థంబ్ వదలొద్దు.

బాటసారి88:

శుక్రవారానికి కాన్యన్‌లో ఒక గది పొద్దున దొరికింది! రెండు మంచాలదే. పాపకి స్లీపింగ్ బ్యాగ్ పట్టుకెళ్తాం. ముందుజాగ్రత్తగా గార్డినర్‌లో కూడా ఒక గది బుక్ చేశాను, అది రద్దు చేసేయనా?

రసీదు:

రద్దుకి గడువెప్పుడో చూసి, ఆఖరి రోజు దాకా ఉంచండి. ఆ గడువు లోపు వాతావరణం తెలుస్తుంది. డన్‌రేవెన్ మూసే సూచన ఉంటే గార్డినరే పనికొస్తుంది.

స్పానర్:

గురువారం సాయంత్రం వెస్ట్ యెల్లోస్టోన్‌లో ట్యాంకు నింపి పడుకోండి. శుక్రవారం ఆ వేళకి బయలుదేరితే మామత్ దాకా 49 మైళ్లలో గ్యాస్ లేదు. ముందు అద్దం మీద మంచు పేరుకుని ఉంటుంది కూడా. గీకే ప్లాస్టిక్ పలక కారులో వేసుకోండి, వేడి నీళ్లు పోయకండి, అద్దం పగులుతుంది.